పళ్ళు చూసి అమ్మిన బొమ్మలు

ఈ సంగతి జరిగిన వెంటనే రాసి ఉంటే బాగుండేది. అన్నీ సరిగ్గా గుర్తుండేవి. కానీ అప్పుడు నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు మా ఇంట్లో మేకలు ముప్పై, పిల్లలం ఐదుగురం. బడికి ఎవరు పోవాలి, మేకల వెంట ఎవరు పోవాలి అని మా నాయన పెద్దగా ఆలోచించలేదు. మేకలకు నేనంటే భయం, నాకు పంతులంటే భయం. అలా కుదిరిపోయింది. అ ఆలు దిద్దింది యాభై రెండో ఏట, హోసూరులో మా వీధిలో ఉండే ఒక రిటైరైన తెలుగు టీచరమ్మ దగ్గర. ఆమె పలక తెచ్చుకోమంటే సిగ్గుపడి, మనవరాలికని చెప్పి కొన్నాను. అప్పటికి నాకు మనవరాలు లేదు.

ఇప్పుడు షాపుల్లో పనిచేసే అమ్మాయిలు చదువుతారని ఇది రాస్తున్నాను. మీకు ప్లస్ టూ ఉంది, డిగ్రీ ఉంది. నాలాంటి పొరపాటు మీరు చేయరు. మీ పొరపాట్లు మీకుంటాయి, అవి మీరు రాసుకోండి.

పెళ్ళయ్యాక మా ఆయనకు హోసూరులో ఫ్యాక్టరీ పని దొరికితే ఊత్తంగరై వైపు నుంచి ఇక్కడికి వచ్చాం. తొంభైల మధ్యలో బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఒక బొమ్మల షాపులో ఊడ్చి తుడిచే పనికి చేరాను. ఒకరోజు కొనడానికి వచ్చిన ఒకామె చంకలో బిడ్డ ఊపిరి పట్టి ఏడుస్తుంటే, చీపురు పక్కన పెట్టి, గిలక్కాయ ఒకటి తీసి బిడ్డ చెవి పక్కన కాకుండా పొట్ట దగ్గర ఆడించాను. బిడ్డ తల వంచి పొట్టకేసి చూసింది, ఏడుపు మరిచిపోయింది. ఆమె ఆ గిలక్కాయతో పాటు ఇంకో మూడు బొమ్మలు కొనింది. మర్నాటి నుంచి ఊడ్చే పని వేరే ఆమెకు ఇచ్చి, ఓనరు నన్ను కౌంటరు దగ్గర నిలబెట్టాడు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ గలగలా మాట్లాడతాను కాబట్టి చదువు వచ్చా అని ఆయనకు అడగాలనిపించలేదు. అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. బిల్లు రాసేది ఆయనే. నేను బొమ్మ చూపించి, పొగిడి, కట్టి ఇవ్వాలి. అంతే.

చిక్కల్లా వయసు దగ్గర వచ్చింది. ప్రతి పెట్టె మీద ఏ వయసు బిడ్డకో రాసి ఉంటుందట. అంకెలు నాకు తెలుసు. కానీ ఒక పెట్టె మీద ఇరవై చోట్ల అంకెలుంటాయి. ఏది ధర, ఏది వయసు, ఏది కంపెనీ ఫోను నంబరు అని చెప్పేది అక్షరాలే. అందుకని నాకు తెలిసిన విద్య వాడాను. మేక వయసు ఎవరూ కాగితం మీద రాసిపెట్టరు. పెదవి ఎత్తి పళ్ళు చూస్తారు. బొమ్మల పెట్టెల మీద కూడా బిడ్డల ఫోటోలు ఉంటాయి కదా. అందరూ నోరు తెరిచి నవ్వుతూనే ఉంటారు. ఏడ్చే బిడ్డను పెట్టె మీద వేసే కంపెనీ నేను చూడలేదు. కాబట్టి బోసినోరైతే కింది అర, రెండు మూడు పళ్ళుంటే రెండో అర, నాలుగుంటే ఏడాది బిడ్డ అర, నోటి నిండా ఉంటే పై అర. నోరు మూసుకున్న బిడ్డ ఫోటో ఉంటే ఆ పెట్టెను వెనక పెట్టేసేదాన్ని.

ఓనరు నా అరలు చూసి మురిసిపోయేవాడు. "ఇంత వరసగా ఎవరూ సర్దలేదమ్మా" అనేవాడు.

ఆరేళ్ళు అలా గడిచాయి. మీరు నమ్మరు గానీ తప్పులు తక్కువ. ఎందుకంటే ఏడాది బిడ్డకు ఏం కావాలో నాకు పెట్టెలు చెప్పనక్కరలేదు. ఆ వయసు బిడ్డకు లోపల వేయడం, బయటికి తీయడం, కింద పారేయడం, మళ్ళీ ఎవరైనా తీసి ఇస్తారా లేదా అని చూడడం, ఈ నాలుగే పనులు. ఒకదాని మీద ఒకటి పేర్చే గిన్నెలు, తోస్తే ఉరికే బండి, తడితే మోగేది ఏదైనా సరే. పిడికిలికంటే పెద్దదిగా ఉండాలి, నోట్లో పెట్టుకున్నా రంగు పోకూడదు. ఇంతే శాస్త్రం. కానీ మొదటి పుట్టినరోజుకు బొమ్మ కొనేవాళ్ళలో బిడ్డ కోసం కొనేవాళ్ళు తక్కువ. అత్త చూడాలని మామ కొంటాడు, మామ చూడాలని అత్త కొంటుంది. మేనేజరు చూడాలని ఆఫీసు వాళ్ళంతా చందా వేసి కొంటారు. ఆ బిడ్డ మాత్రం రెండు రోజులు పోయాక వంటింట్లో గరిటె పట్టుకుని కూర్చుంటుంది.

ఒక శనివారం సాయంత్రం ముప్పై ఏళ్ళ మనిషి ఒకాయన వచ్చాడు. ఎండకు కాలిన ముఖం, కొత్త చొక్కా. హోసూరుకు టమోటాలు వేసుకొచ్చి, తిరుగు లారీ కదిలేలోపు షాపులోకి వచ్చాడు.

"ఏమమ్మా, ఏడాది బిడ్డకు ఏమన్నా పెద్దదిగా ఉండేది చూపీ."

"ఎంత పెద్దదప్పా?"

"తట్టలో పెట్టుకోని పోతా ఉంటే మిద్దె మీద నిలబడినోళ్ళకు గూడా కనపడాల."

సీరు తట్టలని నాకు అర్థమైంది. మా వైపు బిడ్డకు చెవులు కుట్టేటప్పుడు మేనమామ తట్టల్లో కానుకలు పెట్టుకుని, మేళం పెట్టించుకుని, ఊరేగింపుగా వస్తాడు. తట్టలు బేసి లెక్కలోనే ఉండాలి. ఆయన ఒళ్ళో కూర్చోబెట్టే చెవులు కుడతారు.

"ఏ ఊరప్పా మీది?"

"ఊత్తంగరై తట్టు. మా అక్కను ఇచ్చింది సామల్పట్టి పక్కన."

"అయితే మనూరోళ్ళే. బిడ్డ నడస్తా ఉందా?"

"పట్టుకోని నిలబడతా ఉంది. దాని మేనత్త సైకిలు తెస్తా ఉందంట. మూడు చక్రాలది. బిడ్డ కాలు పెడలుకు అందేదానికి ఇంకా మూడేండ్లు పడుతుంది. అయినా తెస్తా ఉంది. కాలేజీలో చదివే పిల్ల గదా, అన్నీ ముందుగానే ఆలోచిస్తుంది."

"నీవి ఎన్ని తట్టలు?"

"ఏడు. ఆరు తయారు. ఏడోదాంట్లో ఈ బొమ్మ. రేపు పన్నెండుకు చెవులు కుట్టేది. మెదడుకు సంబంధించింది ఉండాల. ఇప్పుడంతా మెదడేనంట గదా."

నేను పేర్చే గిన్నెలు చూపించాను. ఇవి మా ఇంట్లో చాలా ఉన్నాయన్నాడు. తోసే ఏనుగు చూపించాను. ఏనుగుకు మెదడు చిన్నదన్నాడు. అప్పుడు నాలుగు పళ్ళ అరలో నుంచి కొత్తగా వచ్చిన పెద్ద పెట్టె ఒకటి దించాను. దాని మీద బిడ్డ కింద రెండు, పైన రెండు పళ్ళతో నవ్వుతోంది. ముందర రంగురంగుల పూసలు, వాటిని దారానికి గుచ్చుతున్న రెండు చేతులు. ఆయన ముఖం వెలిగింది. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఈడ ఎర్రగా ఏమో రాసినారే?"

ఏం రాశారో నాకేం తెలుసు. కానీ ఆరేళ్ళ కౌంటరు నోరు నాది. మా ఇంటి క్యాలెండరులో మామూలు రోజులు నల్లగా, పండగలు ఎర్రగా ఉంటాయి. ఎర్రగా వేశారంటే సంతోషించాల్సిన సంగతే అయి ఉంటుంది.

"మంచిదని రాసినారప్పా. మామూలువాటికి నల్లగా వేస్తారు. బాగా మంచివాటికే ఎర్రగా వేసేది."

"ఊరికే వేయరు గదా" అంటూ ఆయన ఆ ఎర్ర అక్షరాలను వేలితో తడిమాడు. "మెరిసే కాగితం చుట్టమ్మా. ఈ ఎర్రది మాత్రం కనపడేటట్టు వదిలిపెట్టు."

వదిలిపెట్టాను.

ఆదివారం పొద్దున షాపు తెరవగానే ఒక టీచరమ్మ వచ్చింది, తమ్ముడి కొడుక్కి ఏడాది నిండుతోందని. నేను ధైర్యంగా అదే పెట్టె ఇంకొకటి తీసి ముందు పెట్టాను. ఆమె ఫోటో చూడలేదు. చదువుకున్నవాళ్ళు పెట్టెను ముందు వెనక్కి తిప్పుతారు.

"ఇది ఏడాది బిడ్డకు కాదమ్మా. మూడేండ్లు నిండినోళ్ళకు. చిన్న పూసలు ఉండాయి, గొంతులో ఇరుక్కుంటాయి, చిన్నబిడ్డలకు ఇవ్వొద్దని రాసినారు. ఇదో, ఎర్రగా."

"ఎర్రగా ఉండేది అదా?"

"మరి నువ్వు ఏమనుకున్నావు?"

"మరి ఈ బిడ్డ?" అన్నాను ఫోటో చూపిస్తూ.

"ఆ బిడ్డ పక్కన కూర్చోని చూస్తా ఉంది. పూసలు గుచ్చే చేతులు పెద్దపిల్లవి. చూడు, గాజులు గూడా ఉండాయి."

నిజమే. గాజులున్నాయి. నేను పళ్ళు చూశాను గానీ చేతులు చూడలేదు. మేకలకు చేతులుండవు, అదొక్కటే నా విద్యలో లోపం.

ఆమెకు పేర్చే గిన్నెలు కట్టి ఇచ్చాను. చెవులు కుట్టేది పన్నెండుకు. ఆ పెట్టె ఇప్పుడు సామల్పట్టి పక్కన, మెరిసే కాగితంలో, ఏ చిన్న చెయ్యి చింపుతుందా అని కూర్చుని ఉంది. అప్పట్లో అందరి జేబుల్లో ఫోన్లు లేవు. ఆయన పేరు కూడా నాకు తెలియదు. ఓనరుకు నిజం చెబితే ఆరేళ్ళ బండారం బయటపడుతుంది. అందుకని మా అక్కకు ఒంట్లో బాగాలేదని చెప్పాను. మా అక్క నాకంటే గట్టిది, ఆమె పేరు మీద నాలుగైదు జబ్బులు అప్పటికే వాడుకున్నాను.

కృష్ణగిరిలో బస్సు మారాలి. అక్కడ దిగాక ఇంకో సంగతి తట్టింది. ఆ పెట్టె తీసేస్తే ఆరు తట్టలు మిగులుతాయి. మేనమామ సరి లెక్క తట్టలు తెచ్చాడంటే ఆయన తల ఎత్తుకోలేడు. బదులు ఏదైనా ఇవ్వాలి. ఫ్యాన్సీ షాపులో అడుగు పెట్టాను, చుట్టూ పెట్టెలు, పెట్టెల నిండా అక్షరాలు. అలాగే వెనక్కి వచ్చేశాను. బస్టాండు బయట ఒక వడ్రంగి, పిల్లలు పట్టుకుని నడక నేర్చుకునే మూడు చక్రాల చెక్క బండ్లు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. వాటి మీద ఒక్క అక్షరం లేదు. బేరం కూడా ఆడకుండా ఒకటి కొన్నాను.

ఊత్తంగరై బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు వచ్చి, "ఏమమ్మా, చక్రాలుండేదాన్ని తోసుకోని పోకుండా బస్సు ఎక్కించినావే" అన్నాడు. పక్కన కూర్చున్న ముసలామె చక్రాన్ని తిప్పి చూసింది. అది కిర్రుమంది.

"దీనికి నూనె పెట్టొద్దు పాపా" అందామె. "కిర్రు కిర్రుమంటా ఉంటేనే బిడ్డ యాడుండేది తెలిసేది. శబ్దం ఆగిందంటే పొయ్యి కాడికి పోయిందని లెక్క."

బొమ్మల గురించి నేను విన్న మాటల్లో ఇంత పనికొచ్చేది ఏ కంపెనీ మనిషీ చెప్పలేదు.

సామల్పట్టిలో దిగేసరికి మైకు పాట వినిపించింది. ఆ పాట పట్టుకుని పొలం గట్టు వెంట బండిని చంకన పెట్టుకుని ఉరికాను. పందిట్లోకి పోయేసరికి మేళం గట్టిగా మోగుతోంది. గుండు చేసి గంధం పూసిన పాప మేనమామ ఒళ్ళో ఉంది. చెవులు కుట్టే ఆచారి అప్పటికే ఒక చెవి కుట్టేశాడు. రెండో చెవి కుట్టనివ్వకుండా పాప గింజుకుంటూ ఏడుస్తోంది. పాప నాయనమ్మ, పెద్ద మనిషి, తట్టల వైపు చెయ్యి చాచింది.

"ఆ మెరిసేది ఇట్ల తేండి. చూస్తే ఊరుకుంటాది."

"ఇప్పొద్దమ్మా" అని అరిచాను. మేళంలో నా గొంతు నాకే వినబడలేదు. ఆమె కాగితం చింపింది, మూత లాగింది. చింతగింజలంత పూసలు చాప మీద, పాప ఒళ్ళో, మేనమామ పంచె మడతల్లో జలజలా పడ్డాయి. పాప రెండు చేతులా అందుకుంది. ఆచారి ఇదే సందని రెండో చెవి కుట్టేశాడు. ఒక్క కేక, ఆ వెంటనే ఏడుపు ఆగిపోయింది.

అందరూ సంతోషించారు. నేను తప్ప. ఏడాది బిడ్డ అంత త్వరగా ఏడుపు ఆపిందంటే నోట్లో ఏదో ఉన్నట్టే.

బండిని పారేసి మోకాళ్ళ మీద పడ్డాను. బిడ్డ ఊపిరి తీస్తూనే ఉంది, కానీ ముక్కూముఖం తెలియని నేను లెక్క చూపకుండా దాని నోట్లో వేలు పెడితే ఎవరూ ఊరుకోరు. పూసలు ఏరడం మొదలుపెట్టాను. "ఎన్ని ఉండాల? పెట్టె మీద చూసి ఎవరైనా చెప్పండి" అని అడిగాను. కాలేజీ మేనత్త పెట్టె తీసుకుని "యాభై" అంది. మేకలను దొడ్లోకి తోలేటప్పుడు ఒక్కొక్కదాన్ని తాకి లెక్కపెడతాం. అలా ఒక్కొక్క పూసను తాకి పెట్టెలో వేశాను. నలభై తొమ్మిది. పంచె దులపమన్నాను. ఏమీ రాలేదు. మేళం ఎప్పుడు ఆగిందో తెలియదు. పాప బుగ్గ ఒకవైపు కొంచెం ఎత్తుగా కనిపించింది.

మేకపిల్ల ప్లాస్టిక్ కవరు నములుతుంటే దవడ మూలలో బొటనవేలు పెట్టి నొక్కుతాం. నోరు తెరవక తప్పదు. అలాగే నొక్కి, పాపను ముందుకు వంచి, వేలితో బుగ్గలోనుంచి లాగాను. ఎర్ర పూస ఒకటి జారి నా అరచేతిలో పడింది. పడుతూ ఉండగానే పాప నా వేలు కొరికింది. చూసుకుంటే గాట్లు నాలుగు. పెట్టె మీద బిడ్డకున్నన్ని పళ్ళే.

"యాభై" అన్నాను. దాన్ని పెట్టెలో వేశాను.

పాప మళ్ళీ ఏడుపందుకుంది. ఏ ఏడుపూ నాకు అంత హాయిగా వినిపించలేదు.

"ఎవరమ్మా నువ్వు?" అంది నాయనమ్మ. అంతవరకూ మామ వాళ్ళు నన్ను అటువైపు మనిషి అనుకున్నారు, బిడ్డ నాయన వాళ్ళు మామ వైపు మనిషి అనుకున్నారు.

"షాపమ్మ" అన్నాడు మేనమామ.

పొద్దున పంతానికి ఆ పెట్టె వైపే చూడని మేనత్త ఇప్పుడు దాన్ని వెనక్కి తిప్పింది. "మామా, పొద్దున్నుంచీ ఊరంతా తిప్పి చూపిస్తివే, ఎర్రగా రాసినారు, బాగా మంచిదని రాసినారని. చిన్నబిడ్డలకు ఇస్తే గొంతులో పడుతుందని రాసుంది ఈడ."

పందిరంతా ఆయన వైపు తిరిగింది. ఆయన నా వైపు చూశాడు. పొరపాటున పెట్టెలు మారాయని చెప్పి ఉంటే సరిపోయేది. ఆ అబద్ధం బస్సులో తయారు చేసుకునే వచ్చాను. కానీ ఆ మనిషి అక్కగారి ఇంట్లో, అక్క ముందర, ఒళ్ళో బిడ్డతో కూర్చుని నన్ను ఏమీ అనకుండా ఉన్నాడు.

"ఆయనది తప్పు లేదు. మంచిదని నేనే చెప్పినాను. నాకు చదువు రాదు" అన్నాను.

ఆ మాట అంతమందిలో అనడం నాకదే మొదలు.

నాయనమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "చదువు రాకుండా షాపులో ఎట్ల అమ్మినావు ఇన్నాళ్ళు?"

"పళ్ళు చూసి."

చెప్పక తప్పలేదు. బోసినోటి అర, రెండు పళ్ళ అర, నాలుగు పళ్ళ అర అంతా చెప్పాను. ముందు మేళగాళ్ళు నవ్వారు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. పందిరి గుంజకు ఆనుకుని కూర్చున్న పాప తాత నోరంతా తెరిచి ముందుకు వంగాడు. ఒక్క పన్ను లేదు.

"నాకేమి ఇస్తావమ్మా?"

"గిలక్కాయ తాతా" అన్నాను.

నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. నవ్వుకో, అంతకు ముందు పుట్టిన భయానికో నాకు తెలియదు. పూసల పెట్టెను తీసి తన ఇనుప పెట్టెలో వేసి తాళం పెట్టింది. అప్పుడు ఎవరో అన్నారు, తట్టలు ఆరే అయ్యాయని. మేనమామ లేచి, నేను పారేసిన చెక్క బండిని తెచ్చి వరస చివర నిలబెట్టాడు.

"ఏడు" అన్నాడు.

"ఇది తట్టా?" అంది మేనత్త.

"చక్రాలుండే తట్ట. నీ సైకిలు మూడేండ్లు పోయినాక ఎక్కుతుంది, దీన్ని ఈ పొద్దే తోస్తుంది."

పాప బండి పట్టుకుని నిలబడింది. నడవలేదు. పిడిని నోట్లో పెట్టుకుని నమిలింది. నన్ను భోజనానికి కూర్చోబెట్టారు. రెండు వైపులవాళ్ళూ వడ్డించారు. వెళ్ళేటప్పుడు మేనమామ ఊరి చివరి దాకా వచ్చి, "నాకు గూడా రాదమ్మా చదువు. వచ్చుంటే నిన్ను అడగకుండా ఉంటిని" అన్నాడు. బస్సు వచ్చేదాకా ఇద్దరం టమోటా ధర మాట్లాడుకున్నాం.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు షాపుకు పోయాను. ఓనరు షట్టరు ఎత్తుతుండగానే చెప్పేశాను. "సార్, మా అక్కకు ఏమీ లేదు. నాకు చదువు రాదు."

ఆయనకు ముందు రెంటికీ సంబంధం తెలియలేదు. అంతా చెప్పాక లోపలికి పోయి, అరల ముందు నిలబడి, ఒక్కొక్క పెట్టె మీద బిడ్డ నోట్లోకి తొంగి చూస్తూ చాలాసేపు ఉన్నాడు. కుర్చీలో కూర్చున్నాక, "సరిగ్గానే ఉండాయే" అన్నాడు. బిల్లు పుస్తకం తెరుస్తూ, "ఈ మాట గిరాకీల దగ్గర అనొద్దు" అన్నాడు.

మొదటి గిరాకీ ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి. మనవడికి ఏడాది నిండుతోందట. తోసే ఏనుగును దించాను. వెనక్కి తిప్పి ఆయన ముందు పెట్టాను.

"నాకు చదువు రాదు సార్. ఏ వయసు బిడ్డకని రాసినారో కొంచెం చదివి చెప్పండి."

ఓనరు బిల్లు పుస్తకం వెనక తల దాచుకున్నాడు. ఆ పెద్దమనిషి పెట్టె తీసుకున్నాడు. దగ్గరగా పెట్టి చూశాడు, దూరంగా పెట్టి చూశాడు.

"కండ్లద్దాలు ఇంట్లో పెట్టి వచ్చినానమ్మా" అన్నాడు.

కళ్ళద్దాలు ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి. నేను వాటి వైపు చూడడం మానేసి, ఆయన ముందుకు స్టూలు జరిపాను.

"కూర్చోండి సార్. చదివేవాళ్ళు ఎవరైనా వస్తారు" అన్నాను.